పన్నెండుమంది ఆడవాళ్ళం, పదకొండు పిస్టళ్ళు

సన్నబడదామని పొద్దున్నే లేచి పరుగులు తీసే ఆడవాళ్ళందరికీ నాదొక విన్నపం. మానేయండి! ప్యాంటు నడుంపట్టీ లోపల ఒక పిస్టల్ దోపుకోండి. నెల తిరక్కుండా నడుం నిటారుగా నిలబడుతుంది, పొట్ట లోపలికి పోతుంది, రెండోసారి వడ్డించుకుందామన్న ఆశే చచ్చిపోతుంది. వంగితే గుచ్చుకుంటుంది కాబట్టి వంగం. తింటే నొక్కుకుంటుంది కాబట్టి తినం. ఇంత మంచి వైద్యం ఏ డాక్టరు చెప్పాడు చెప్పండి?

మా పెకాన్ క్రీక్ కౌంటీ వారపత్రికలో ఇరవై రెండేళ్ళుగా ఈ మూల కాలమ్ నాదే. గుమ్మడికాయల పోటీ గురించి రాశాను, చర్చి పైకప్పు కారడం గురించి ఏడాదికి రెండుసార్లు రాశాను. ఇంత గొప్ప విషయం గురించి రాసే అదృష్టం మాత్రం ఇప్పటికి పట్టింది. దుస్తుల మాటున పిస్టల్ దాచుకుని తిరగడం అనేది ఆధునిక స్త్రీకి దొరికిన మహాభాగ్యం అని ఈ వారం నిరూపించబోతున్నాను.

కౌగిలింతలే తీసుకోండి. ఆదివారం చర్చిలో అడుగుపెడితే చాలు, పరిచయం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ వచ్చి ఎముకలు విరిగేలా హత్తుకుంటారు. పిస్టల్ వచ్చాక ఆ బెడద పోయింది. ఇప్పుడు మా చర్చిలో ఆడవాళ్ళందరం పక్కవాటుగా, భుజానికి భుజం తగిలించి పలకరించుకుంటున్నాం. ఎవరి నడుం ఎటువైపు గట్టిగా ఉందో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఇంతటి మర్యాద మా ఊళ్ళో ఇదివరకెప్పుడైనా ఉందా?

అయితే ఈ వరం నేనై కోరుకున్నది కాదు. మా చెల్లెలు టామ్రా పుణ్యమా అని దక్కింది.

టామ్రాకి ముప్పై తొమ్మిదేళ్ళు. బడి బస్సు నడుపుతుంది. డెల్టన్ స్ట్రౌడ్ అనే మనిషితో పదేళ్ళు కాపురం చేసి, రెండేళ్ళ కిందట విడాకులు తీసుకుంది. విడాకులైన సంగతి కౌంటీలో అందరికీ తెలుసు, డెల్టన్‌కి తప్ప. పొద్దున, సాయంత్రం తన పికప్ ట్రక్కులో బస్సు వెనకాలే వస్తాడు. ఆదివారాలు ఆమె ఇంటి ఎదురుగా ట్రక్కు ఆపుకుని కూర్చుంటాడు. సెప్టెంబరు మొదటి వారంలో ఆమె గేటు దగ్గరున్న పోస్టు డబ్బాని ఏడుసార్లు కాల్చాడు. వెళ్తూ వెళ్తూ, "ఈసారి ఉత్తరాలు ఎవరికి వస్తాయో చూస్తా" అన్నాడట.

షెరీఫ్ ఆఫీసు నుంచి డెప్యూటీ రాయ్స్ వచ్చాడు. మంచి కుర్రాడు. డబ్బా చుట్టూ మూడుసార్లు తిరిగి, చిల్లుల మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఏడూ నా అరచేతి కింద ఇమిడిపోయాయండీ. రోడ్డు అవతల నుంచి కాల్చాడంటే మాటలు కాదు."

"వాడి గురి గొప్పదని మాకు తెలుసు నాయనా," అంది టామ్రా. "అందుకే నిన్ను పిలిచాం."

నా చెల్లెలు కోరుకున్నది ఒక్కటే. ఒక కాగితం. డెల్టన్ ఆమెకి మూడు వందల గజాల లోపు రాకూడదు, తన దగ్గరున్న తుపాకులన్నీ షెరీఫ్‌కి అప్పజెప్పాలి అని రాసి, కింద జడ్జి వెండల్ హోల్కమ్ సంతకం ఉండాలి. ఆ సంతకం కోసం సెప్టెంబరు మధ్యలో ఇద్దరం కోర్టుకి వెళ్ళాం.

జడ్జిగారు చాలా దయగల మనిషి. పోస్టు డబ్బా ఫోటో చూసి తల పంకించారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడు తల్లీ, కాగితం తుపాకీ గుండుని ఆపలేదు. నిన్ను నువ్వు కాపాడుకోవడం ముందు నేర్చుకో. ఆడవాళ్ళ కోసం మన కౌంటీలో శనివారాలు మంచి క్లాసు జరుగుతోంది, చేరు. ఈ కాగితం సంగతి వచ్చే నెల చూద్దాం."

విన్నారా? ఏ జడ్జి చెప్తాడు ఇంత స్వావలంబన? నా చెల్లెల్ని ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ చేరాను. నేను చేరానని మా పాస్టరు భార్య నెల్డా చేరింది. నెల్డా చేరిందని చర్చి పాటల బృందం సగం చేరింది. మా అందరికీ నాలుగో తరగతి చెప్పిన మిస్ ఓపల్ టిడ్‌వెల్, డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, చేతికర్ర పట్టుకుని తనే నడుచుకుంటూ వచ్చి చేరింది. మొత్తం పన్నెండుమందిమి.

మొదటి శనివారం పశువుల దాణా కొట్టు వెనకాల మైదానంలో వరసగా కుర్చీల్లో కూర్చున్నాం. రేకుల గది తలుపు తెరుచుకుని మాస్టారు బయటికి వచ్చాడు.

డెల్టన్.

అవును, ఆ డెల్టనే! కౌంటీ మొత్తానికి ప్రభుత్వ సర్టిఫికెట్ ఉన్న శిక్షకుడు అతనొక్కడే. ఇంకో మాస్టారు కావాలంటే తొంభై మైళ్ళు పోవాలి. ఇక్కడ పాఠకుల్లో కొందరు ముఖం చిట్లించవచ్చు. తొందరపడకండి. ఈత నేర్చుకోవాలంటే ఎక్కడ నేర్చుకుంటారు? నీళ్ళలో కాదూ? ఎవరి నుంచి కాపాడుకోవాలో వాడి దగ్గరే పాఠం నేర్చుకునే సౌకర్యం ఏ దేశంలో ఉంది?

పైగా మాస్టారు మంచి మాస్టారు. చెప్పిన నియమాలు బంగారం లాంటివి. గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకునేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. ట్రిగ్గర్ మొత్తం మూసుకునే గట్టి ఒర లేకుండా పిస్టల్ ఒంటి మీద పెట్టుకోకూడదు. ఒరలోకి తిరిగి పెట్టేటప్పుడు తొందర పనికిరాదు, చొక్కా అంచు అందులో ఇరుక్కుందేమో చూసుకుని మెల్లగా దించాలి. నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. మా చెల్లెలి పోస్టు డబ్బా విషయంలో ఆయన ఈ నియమం కూడా తప్పలేదు.

తర్వాత కాల్చడానికి బొమ్మ చూపించాడు. నిలువెత్తు కాగితం మీద ముసుగు వేసుకున్న దొంగ.

"మీ మీదికి వచ్చేవాడు ఇలా ఉంటాడు," అన్నాడు డెల్టన్. "ఎవడో ఊరూ పేరూ తెలియని మనిషి. కారు దగ్గర మాటు వేసి ఉంటాడు."

టామ్రా చెయ్యెత్తింది. "ముసుగు వేసుకోకుండా వస్తే?"

"ముఖం గుర్తు పెట్టుకోవాలి. పోలీసులకి చెప్పాలి."

"ముఖం ముందే తెలిసుంటే?"

పదకొండుమందిమి అతని వైపు తిరిగాం. మాస్టారు టోపీ తీసి, నెత్తి గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తెలిసినవాడైతే కూర్చుని మాట్లాడుకోవాలి. తుపాకీ దాకా ఎందుకు పోవాలి?"

"కాస్త ఆగు బాబూ," అంది మిస్ ఓపల్, పుస్తకం తీసి. "ఇది రాసుకుంటా. మళ్ళీ చెప్పు."

ఇక అసలు కళ దగ్గరికి వద్దాం. దాచుకోవడం! మగవాళ్ళకి ఇందులో ఏ కష్టమూ లేదు. మగవాడి ప్యాంటుకి జేబులు ఆరు. మా ప్యాంటుకి ఉన్నవి జేబుల్లా కనిపించే రెండు కుట్లు. అందులో చేతిరుమాలు పెడితే సగం బయటే ఉంటుంది. ఆ బాధ తీర్చడానికే భగవంతుడు ఆడవాళ్ళకి ప్రత్యేకమైన ఒరలు పుట్టించాడు. "గుండ్లు తీసేసిన తుపాకీతో వారం రోజులు ఇంట్లో తిరిగి అలవాటు చేసుకోండి" అన్నాడు మాస్టారు. తిరిగాం.

మా పాటల బృందంలోని బెర్నీస్ చీలమండకి కట్టుకుంది. పొడుగు గౌను కింద ఎవరికీ కనపడలేదు గానీ, రెండో రోజుకే కుంటడం మొదలుపెట్టింది. ఆమెకి మోకాలు ఆపరేషన్ అయిందని ఊళ్ళో పుకారు పుట్టి, మూడు ఇళ్ళ నుంచి పరామర్శగా చికెన్ కేసరోల్ వంటకం వచ్చింది. కుంటడం మానేస్తే బాగుండదని పాపం ఇంకా కుంటుతూనే ఉంది. అదే బృందంలోని షెరిలిన్ రవిక లోపల ఎదురురొమ్ము దగ్గర వేలాడే ఒర కొనుక్కుంది. అందులోంచి పిస్టల్ బయటికి తీయడానికి ఆమెకి నాలుగు నిమిషాలు పట్టింది. "దొంగ అంతసేపు ఆగుతాడా?" అని అడిగాను. "ఆగుతాడు వదినా, ఏం తీస్తున్నానో చూద్దామని ఆగుతాడు" అంది. నెల్డా తొడకి కట్టుకున్న పట్టీ సంతలో టమాటాలు ఏరుతుండగా జారింది. మోకాలు దాటి, పిక్క దాటి, బూటు మీద వచ్చి కూర్చుంది. నెల్డా ఆ కాలు నేల మీద నుంచి ఎత్తకుండా ఈడ్చుకుంటూ కారు దాకా వెళ్ళింది. ఎదురొచ్చిన బెర్నీస్ కుంటుతూ వస్తోంది. చూసినవాళ్ళు మా చర్చిలో ఏదో అంటువ్యాధి ఉందనుకున్నారు.

నేను పొట్ట చుట్టూ చుట్టుకునే వెడల్పాటి పట్టీ ఎంచుకున్నాను. సెప్టెంబరు ఎండలో మా ఊళ్ళో ఆ పట్టీ చుట్టుకుని పది నిమిషాలు నిలబడండి, మీకే తెలుస్తుంది. మిస్ ఓపల్ మాత్రం ఎవరినీ సలహా అడగలేదు. తన ఉన్ని స్వెట్టర్ లోపల గట్టి తోలు ఒర పట్టేలా సొంతంగా జేబు కుట్టుకుంది. తీయడానికి ఆమెకి పట్టింది ఒక్క క్షణం. యాభై గుండ్లలో నలభై తొమ్మిది దొంగ ఛాతీ మధ్యలో దించింది. యాభయ్యోది ముసుగులోంచి కనిపించే కన్నులో దించి, "అది సరదాకి" అంది.

ఈ బాధలన్నీ చూసి షెరిలిన్‌కి ఒక ఉపాయం తట్టింది. పిస్టల్ కోసం పక్కన రహస్యపు అర ఉన్న హ్యాండ్‌బ్యాగులు తెప్పించి, ఇంట్లో టీ పార్టీ పెట్టి అందరికీ అమ్మింది. అన్నీ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే నెమలికంఠం రంగు. అందరం మురిసిపోయాం. ఆ ఆదివారం చర్చిలో ఎవరి వంట వాళ్ళు తెచ్చుకుని పంచుకునే భోజనాలు. చేతిలో వేడి గిన్నెలు ఉన్నప్పుడు బ్యాగు ఎక్కడ పెడతాం? వంటగది కొక్కేలకి తగిలించాం. పదకొండు నెమలికంఠం బ్యాగులు, వరసగా! పీచ్ పండ్లతో చేసే కాబ్లర్ అనే తీపి వంటకం తిని, గిన్నెలు కడుక్కుని, చేతికి అందిన బ్యాగు భుజాన వేసుకుని ఇళ్ళకి పోయాం.

పెదాల రంగు కోసం చెయ్యి పెడితే నా బ్యాగులో అల్లిక సూదులు, పిప్పర్‌మెంట్లు, మిస్ ఓపల్ పిస్టల్. కౌంటీలో ప్రతి ఇంట్లో అదే గోల. నెల్డా అయితే భోజనాల నుంచి నేరుగా వృద్ధుల ఆశ్రమానికి వెళ్ళింది, మంచం పట్టిన ఒక పెద్దాయన కోసం ప్రార్థన చేయడానికి. బైబిల్ తీయబోయి, చేతికి తగిలింది పైకి తీసింది. బెర్నీస్ పిస్టల్. పెద్దాయన రెండు చేతులూ పైకెత్తేశాడు. పక్షవాతం వచ్చి మూడేళ్ళుగా కదలని కుడిచెయ్యి కూడా! మరుసటి ఆదివారం పాస్టరు దాన్ని దేవుడి అద్భుతాల్లో కలిపి చెప్పాడు.

బ్యాగులో పిస్టల్ పెట్టుకుంటే బ్యాగు ఒంటిని వదలకూడదని మాస్టారు మొదటి రోజే చెప్పాడు. మేమే వినలేదు. ఆ తర్వాత అందరం బుద్ధిగా మళ్ళీ నడుంపట్టీలకి వచ్చాం.

పన్నెండుమంది ఉండగా బ్యాగులు పదకొండే ఏమిటని లెక్క అడిగే పాఠకులుంటారు. టామ్రా కొనలేదు. ఆమెకి పిస్టల్ లేదు కదా, బ్యాగెందుకు? బడి బస్సులోకి తుపాకీ తేకూడదని చట్టం. మంచి చట్టం, పిల్లలు తిరిగే చోటు. డెల్టన్ ఎక్కువగా వెంటపడేది ఆమె బస్సు నడిపేటప్పుడే. అతని ట్రక్కు బస్సుకి ఇరవై అడుగుల వెనక, మామూలు రోడ్డు మీద ఉంటుంది కాబట్టి, అందులో ఎన్ని తుపాకులున్నా చట్టానికి అభ్యంతరం లేదు. మిగిలిన వేళల్లోనైనా ఉంటుందిలే అనుకుంటే, దానికి లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే పరీక్ష పాసవ్వాలి. పరీక్ష పెట్టేది ఎవరు?

పరీక్ష రోజు ఒక్కొక్కరి వెనకా మాస్టారు నిలబడి లెక్క వేశాడు. పదకొండుమందిమి పాసయ్యాం. బెర్నీస్ కూడా పాసయింది, ఆమె సగం గుండ్లు పక్కవాళ్ళ బొమ్మ మీద పడ్డా. టామ్రా కాలుస్తుంటే అతను ఆమె భుజం వెనకాల రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆమె చెయ్యి ఆకులా వణికింది. ఫెయిల్. తర్వాతి శనివారం మళ్ళీ పరీక్షకి నిలబడింది. మళ్ళీ వెనకాలే నిలబడ్డాడు. మళ్ళీ ఫెయిల్.

"నాకూ బాధగానే ఉంది," అన్నాడు డెల్టన్ మా అందరి ముందూ. "చెయ్యి నిలకడ లేని మనిషి చేతికి తుపాకీ ఇవ్వడం నా మనస్సాక్షి ఒప్పుకోదు."

సొంత మాజీ భార్య అని కూడా చూడకుండా ఎంత నిష్పక్షపాతం! టామ్రా కారెక్కి తలుపు వేసుకున్నాక, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు నిమరడం తప్ప ఏమీ చేయలేకపోయాను. "అక్కా, నాకు తుపాకీ వద్దే," అంది. "నాకెప్పుడూ వద్దు. వాడు నా వెనకాల లేకుండా ఒక్క రోజు కావాలి."

అక్టోబరు మధ్యలో రెండోసారి కోర్టుకి వెళ్ళాం. జడ్జిగారు మమ్మల్ని ఆప్యాయంగా పలకరించారు. క్లాసు ఎలా ఉందని అడిగారు. చాలా బాగుందని, మాస్టారే నిందితుడని చెప్పాం.

"అదే కదా నా చిక్కు," అన్నారాయన. "నేను ఈ కాగితం మీద సంతకం పెడితే డెల్టన్ తుపాకులన్నీ అప్పజెప్పాలి. తుపాకీ లేని మనిషి తుపాకీ క్లాసు ఎలా చెప్తాడు? ఉన్నది ఒక్క మాస్టారు. అతన్నీ ఆపేస్తే మన కౌంటీ ఆడవాళ్ళు తమని తాము కాపాడుకోవడం ఎవరి దగ్గర నేర్చుకుంటారు? నేను ఒక్క ఆడదాని గురించే ఆలోచిస్తే సరిపోదు తల్లీ, అందరి గురించీ ఆలోచించాలి."

వచ్చే నెలకి వాయిదా వేశారు. వాదనలో తప్పెక్కడుందో పట్టుకోవడానికి నాకు ఇంటికి వెళ్ళేదాకా టైం పట్టింది. అంత గొప్ప వాదన అది!

మిస్ ఓపల్‌కి మాత్రం అంత టైం పట్టలేదు. సోమవారం పొద్దున్నే బస్సెక్కి తొంభై మైళ్ళు వెళ్ళింది. శిక్షకుల పరీక్షకి కూర్చుని, వారం రోజులు మేనకోడలి ఇంట్లో ఉండి, సర్టిఫికెట్ చంకలో పెట్టుకుని తిరిగొచ్చింది. అక్కడి పరీక్షాధికారిని కూర్చునే పద్ధతి బాగాలేదని కూడా సరిదిద్ది వచ్చిందట.

మూడో వాయిదా నవంబరులో ఒక శుక్రవారం, పొద్దున పది గంటలకి పడింది. ఈసారి పన్నెండుమందిమి వెళ్ళాం. మా కోర్టు గుమ్మం దగ్గర లోహాన్ని పట్టే యంత్రం ఉంది, దాని పక్కన ఇనప అరలు. లోపలికి ఎవరూ ఆయుధం తీసుకెళ్ళకూడదు. యంత్రం దగ్గర కాపలా డెప్యూటీ రాయ్స్.

"మీ దగ్గర ఏమైనా ఉంటే ఇక్కడ పెట్టేయండమ్మా," అన్నాడు మర్యాదగా.

పెట్టడం మొదలుపెట్టాం. నేను పొట్ట పట్టీ విప్పాను, అది చుట్లు చుట్లుగా చాలాసేపు వచ్చింది. బెర్నీస్ రాయ్స్ భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి చీలమండ దగ్గర వెతుక్కుంది. నెల్డా గౌను ఎత్తబోతే రాయ్స్ గోడవైపు తిరిగి, అమెరికా సంయుక్త రాష్ట్రాల పటం చదవడం మొదలుపెట్టాడు. షెరిలిన్ వంతు వచ్చేసరికి పటంలో యాభై రాష్ట్రాలూ అయిపోయి రాజధానుల్లోకి దిగాడు. మొత్తానికి ఇరవై ఐదు నిమిషాలకి పదకొండు పిస్టళ్ళు పదకొండు అరల్లో చేరాయి. టామ్రా ఒక్కతే చేతులు ఊపుకుంటూ యంత్రంలోంచి నడిచి వెళ్ళింది. డెల్టన్ కూడా వచ్చాడు. నడుం దగ్గరదీ, బూటులోదీ, కోటు లోపలిదీ మూడూ తీసి పెట్టి, మాకు టోపీ ఎత్తి నమస్కారం చేశాడు.

మిస్ ఓపల్ సర్టిఫికెట్ తీసి జడ్జిగారి బల్ల మీద పెట్టింది.

"వెండల్, కౌంటీకి మాస్టారు లేరని బెంగపడ్డావుట. నేనున్నాను. రేపటి నుంచి క్లాసు నాది. నాలుగో తరగతిలో నీకు లెక్కలు చెప్పగలిగినదాన్ని, ఇది చెప్పలేనా? సంతకం పెట్టు."

జడ్జిగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. ముఖం వెలిగిపోయింది.

"శభాష్ టీచరమ్మా. అయితే ఇప్పుడు మన కౌంటీకి ఇద్దరు మాస్టార్లు. ఆడవాళ్ళ రక్షణ రెట్టింపయింది. అంత రక్షణ ఉన్నప్పుడు ఇక ఈ కాగితానికి తొందరేముంది? కొత్త సంవత్సరం వచ్చాక చూద్దాం."

సుత్తి ఎత్తి బల్ల మీద కొట్టబోయారు. అప్పుడు టామ్రా లేచింది. లేచి, గొంతు పెంచకుండా, రోజూ బస్సులో పిల్లల్ని కూర్చోమని చెప్పే గొంతుతో మాట్లాడింది.

"జడ్జిగారూ, ఒక్క మాట. ఈ గదిలో మీకు భయం లేకుండా ఉండాలని మా అందరి తుపాకులూ గుమ్మం దగ్గరే తీసుకున్నారు. మీకు క్లాసు చెప్పలేదు. ఒర కొనుక్కోమనలేదు. ఎదుటివాడి దగ్గర ఉన్నది తీసేసుకున్నారు, అంతే. నాకూ అదే కావాలని రెండు నెలలుగా అడుగుతున్నా. నా ఇంటికి మీరు ఆ ఏర్పాటు చేయలేనంటున్నారు కాబట్టి నేనే ఇక్కడుంటా. ఈ కౌంటీలో వాడి దగ్గర తుపాకీ లేని గది నాకు ఇదొక్కటే తెలుసు."

కూర్చుంది. మేం పదకొండుమందిమి కూడా కూర్చున్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

జడ్జిగారు కోర్టు ముగిసిందన్నారు. మేం తలలూపాం. ఆయన లోపలి గదిలోకి వెళ్ళి గంట తర్వాత తొంగి చూశారు. మిస్ ఓపల్ మేజోళ్ళు అల్లుతోంది. సూదులు యంత్రం దాటనివ్వలేదని చేతివేళ్ళతోనే అల్లుతోంది. పన్నెండున్నరకి నెల్డా ఫోను చేస్తే చర్చి నుంచి భోజనం వచ్చింది. చికెన్, మొక్కజొన్న రొట్టె, బీన్సు. రాయ్స్‌కీ ఒక పళ్ళెం పెట్టాం. అతను జడ్జిగారిని అడిగి, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. పాటల బృందం సగం అక్కడే ఉంది కాబట్టి రెండు గంటలకి పాటలు కూడా అందుకున్నాం. గుమాస్తా వచ్చి, "పక్క గదిలో భూమి రిజిస్ట్రేషన్లు ఆగిపోతున్నాయమ్మా" అంటే, కాస్త తగ్గు స్వరంలో పాడాం. డెల్టన్ వెనక బెంచీలో కాళ్ళు చాపుకుని, నవ్వుతూ కూర్చునే ఉన్నాడు. అతనికి తొందరేమీ లేదు. ఇంతకాలమూ లేదు.

నాలుగు గంటలకి కోర్టు తలుపులు రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఫుట్‌బాల్ కోచ్ లాంక్‌ఫర్డ్ పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే బడి ప్రిన్సిపాల్, ఆయన వెనకాల ఈల మెడలో వేసుకున్న ఇంకెవరో.

"టామ్రా ఏది? నాలుగున్నరకి బస్సు కదలాలి. కుర్రాళ్ళు సామాన్లతో సహా రోడ్డు మీద నిలబడ్డారు."

పందొమ్మిదేళ్ళ తర్వాత మా బడి జట్టు ప్లేఆఫ్‌కి, అంటే ఆఖరి నాకౌట్ పోటీలకి, చేరింది. ఆ రోజే ఆట, రెండు గంటల దూరంలో; దానికోసమే బడికి సెలవు కూడా ఇచ్చారు. పెద్ద బస్సు నడిపే లైసెన్సు ఉన్నవాళ్ళు ఇద్దరే. ఇంకో డ్రైవరు బేసిల్‌కి మంగళవారమే హెర్నియా ఆపరేషన్ అయింది.

"నేను బయటికి రాలేను కోచ్," అంది టామ్రా. "బయట డెల్టన్ ట్రక్కు ఉంది. జడ్జిగారు కొత్త సంవత్సరం వచ్చాక చూద్దామన్నారు. అప్పటిదాకా ఇక్కడే."

కోచ్ జడ్జిగారి వైపు చూశాడు. ప్రిన్సిపాల్ చూశాడు. రాయ్స్ కూడా చూశాడు, అతని తమ్ముడు జట్టులో ఉన్నాడు మరి. కౌంటీ రేడియోలో ఆటకి వ్యాఖ్యానం చెప్పేది సాక్షాత్తూ జడ్జిగారే. ఆయన నల్ల కోటు కింద అప్పటికే జట్టు ఎర్ర స్వెట్టర్ వేసుకుని ఉన్నారు.

"వెండల్," అన్నాడు కోచ్. "పందొమ్మిదేళ్ళయ్యా."

కాగితం దొరికింది. అరగంటగా కనపడని గుమాస్తా దొరికాడు. ముద్ర దొరికింది. జడ్జిగారి సొంత పెన్నులో సిరా అయిపోతే మా పత్రిక పెన్ను నేనిచ్చాను. నాలుగు గంటల పదకొండు నిమిషాలకి సంతకం పడింది. డెల్టన్ నవ్వు ఆపి, "ఇదేం న్యాయం? నా సంగతేంటి, నా క్లాసేంటి?" అని లేచాడు. "కూర్చోవయ్యా డెల్టన్, ఆటకి టైమవుతోంది" అని కోచే కసిరాడు. ఇనప అరల్లోని మూడు తుపాకులూ అతనికి తిరిగి ఇవ్వలేదు. ఇంటి దగ్గరున్న పందొమ్మిదింటి కోసం అదే సాయంత్రం డెప్యూటీలు రెండుసార్లు బండి తిప్పారు.

కాబట్టి సోదరీమణులారా, నేను మొదట చెప్పిన మాట మీదే ఉన్నాను. పిస్టల్ దాచుకోవడం మహాభాగ్యం. నడుంకి మంచిది, ఆకలికి మంచిది, పక్షవాతానికి మంచిది. మిస్ ఓపల్ క్లాసు శనివారాలు పది గంటలకి, తప్పకుండా చేరండి. మీ వెంట పడేవాడు ఎవరికీ తెలియని మనిషై, ముసుగు వేసుకుని, నాలుగు నిమిషాలు ఆగగలిగినవాడైతే మీకు ఏ భయమూ లేదు. అలాకాక తెలిసినవాడైతే, మీ ఊరి జట్టు ప్లేఆఫ్‌కి చేరాలని దేవుణ్ణి ప్రార్థించండి.

అన్నట్టు, ఒక సంగతి చెప్పలేదు. సంతకం పెట్టిన కాగితాన్ని జడ్జిగారు స్వయంగా దిగి వచ్చి మా చెల్లెలి చేతికిచ్చారు. ఆమె దాన్ని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివింది. మడత పెట్టింది. పెట్టుకోవడానికి ప్యాంటుకి జేబు లేదు కాబట్టి చేతిలోనే పట్టుకుంది.

"జడ్జిగారూ," అంది, "ఇవాళ ఆట లేకపోయుంటే?"

ఆయన గోడ గడియారం వైపు చూశారు.

"నాలుగుంబావు అయిందమ్మా," అన్నారు. "వెళ్ళి బస్సు తియ్యి."